బెంచీ చివర వెండెల్

వెండెల్ హాస్కిన్స్ బంతి విసిరే ముందు టోపీ అంచు తడిమి, బూటుతో మట్టి చదును చేస్తాడు. మా ఒహాయో బేస్‌బాల్ జట్టుకు రెండు వందల ఆటలు గెలిచిపెట్టిన చెయ్యి అది. అవతలి జట్టులో ఒక్కడినీ బంతి కొట్టి బేస్ చేరనివ్వకుండా, అంటే ఒక్క హిట్టూ ఇవ్వకుండా, ఆట ముగించడమొక్కటే దానికి దక్కలేదు. ఆ ఆదివారం దక్కేలా ఉంది. అలాంటప్పుడు బంతి విసిరేవాణ్ని పలకరిస్తే దిష్టి కొడుతుందని మేమంతా బెంచీకి ఈ చివర ఇరుక్కున్నాం. ఆ చివర అతనొక్కడే పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కూర్చున్నాడు. ఇంకొక్కడు ఔటైతే చాలనగా అవతలివాడు కొట్టిన బంతి ఎవరికీ అందకుండా కంచె దగ్గర పడి హిట్టయింది. స్టేడియం ఉసూరుమంది. వెండెల్ టోపీ అంచు తడిమాడు, మట్టి చదును చేశాడు, తర్వాతివాణ్ని మూడే బంతుల్లో ఔట్ చేశాడు. గెలిచినా మేం బెంచీకి ఈ చివరే ఉండిపోయాం. అతనే వచ్చి బెంచీ తట్టాడు. "ఇకనైనా పక్కన కూర్చోండ్రా. మధ్యాహ్నం నుంచి మాట్లాడే దిక్కు లేక చచ్చాను."