పీర్ సాబ్ లైసెన్సు

మా ఊళ్లో కొట్టు పెట్టుకునే మడిగె కట్టాలంటే మున్సిపాలిటీ ఇజాజత్ కావాలి. ఇజాజత్ కావాలంటే నక్షా కావాలి. నక్షా అంటే పీర్ మహమ్మదే. జడ్చర్ల దారిలోని ఆ చిన్న పట్నంలో నక్షాలు గీసే లైసెన్సు ఇంకో ఇద్దరికీ ఉండేది గానీ, వాళ్ల కాగితాలు మున్సిపాలిటీ కచ్చేరికి పోవడం, తప్పులున్నాయని తిరిగి రావడం మామూలే. పీర్ సాబ్ దస్కతు ఉన్న నక్షా తిరిగి రావడం నేను చూడలేదు.

ఆయన పని తీరు చూసి మొదట నాకు ఒళ్లు మండింది. 1958లో బజారు దారి మీద నాకున్న జాగాలో మూడు మడిగెలు కడదామని పిలిస్తే, టేపు బయటికి తీయకుండా ఖాళీ నేల మీద గోనెపట్టా వేసుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. ఎండ ఎటు తిరుగుతుందో చూస్తున్నాడట. నాది బెల్లం కొట్టు కదా, పడమటి ఎండ తగిలితే సరుకు కారిపోతుందని చెప్పి, ముందర చూరు పొడుగ్గా దించి గీశాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

నాకు తొందరుంది. అప్పటిదాకా నేను కిరాయి కొట్లో ఉన్నాను. దసరాకల్లా ఖాళీ చెయ్యమని ఇంటాయన తేల్చి చెప్పాడు. ఆ లోపల మడిగెలు లేవకపోతే నా బేరం బజార్న పడ్డట్టే.

నక్షా కచ్చేరికి పోయింది. ఓవర్సీరు వచ్చి జాగా చూసి రాసిస్తే ఇజాజత్ వచ్చినట్టే. ఆయన పై సోమవారం వస్తానన్నాడు. మా పంతులేమో అంతకు ముందొచ్చే గురువారం దాటితే మూఢం వస్తుందని, రెండు నెలలు పునాది ముట్టొద్దని అన్నాడు. పీర్ సాబ్‌ను అడిగితే, పూజ చేసుకుని ఈశాన్యంలో ఒక్క రాయి పెట్టుకోమన్నాడు. రాయి జోలికి ఎవరూ రారట. "కాగితం రాకముందు పార పడితే కాగితం చస్తది, జానయ్యా" అని మాత్రం గట్టిగా చెప్పి, కూతురిని చూడటానికి ఆలేరు పోయాడు.

రాయి పెట్టాను. అక్కడితో ఆగితే నేను జానయ్యనెట్లవుతాను? ముహూర్తం బాగుంది, కూలీలు ఎదురుగానే ఉన్నారు. ఆత్రానికి అత్త మెడలో తాళి కట్టినట్టు, సాయంత్రానికల్లా రోడ్డు వైపు పునాదంతా తవ్వించాను.

సోమవారం ఓవర్సీరు వచ్చి ఆ గుంత చూశాడు. ఇజాజత్ లేకుండా పని మొదలుపెట్టినవాళ్ల దరఖాస్తు కొట్టేస్తామని, మళ్లీ ఏడాది దాకా తీసుకోమని అన్నాడు. ఎవరు తవ్వించారని అడిగాడు. ఆలేరు నుంచి వచ్చిన పీర్ సాబ్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. నా కళ్ల ముందు దసరా తప్ప ఏమీ లేదు.

"పీర్ సాబే తవ్వుమన్నడు. మన్ను ఎట్లున్నదో చూడాల్నట" అన్నాను.

పీర్ సాబ్ నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. ఎవడో ముఖం ఎరగని మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత ఓవర్సీరు వైపు తిరిగి "అవును సాబ్, నేనే చెప్పిన" అన్నాడు.

ఎందుకట్లా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ముఖం నాకు లేకపోయింది.

తప్పు నక్షా గీసినాయనదేనని రాసుకుని, నాకు చిన్న జరిమానా వేసి ఇజాజత్ ఇచ్చారు. ఆయన లైసెన్సు రద్దు చేశారు. నా భార్య నర్సింగమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. "కచ్చేరికి పోయి నిజం చెప్పిరా. మనం తినేది గా మనిషి బువ్వ" అన్నది. గోడలు లేవనీ అన్నాను. లేచాయి. కప్పు పడనీ అన్నాను. పడింది. దసరా పోనీ అన్నాను. ఆ తర్వాత ఆమె చెప్పడం మానేసింది. చెప్పినప్పటి కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పీర్ సాబ్ నందికొండకు పోయాడు. వెంట్రుకవాసి తేడా పట్టే మనిషి, ఆనకట్ట పనిలో కంకర కుప్పలు కొలిచాడు. ఎనిమిదేళ్లకు తిరిగొచ్చేసరికి చూపు మసకబారింది.

1967లో మడిగెల మీద ఇంకో అంతస్తు వేద్దామనుకున్నాను. నక్షా సాకుతో పోయి, ఆ పాత మాట ఒప్పుకుని కాళ్లు పట్టుకుందామని బయల్దేరాను. ఆయన భార్య షంషున్నీసా చాయ్ ఇచ్చింది. ముందు నక్షా సంగతి ఎత్తాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"గీస్త జానయ్యా. మరి కింద దస్కతు ఎవరితోని పెట్టిస్తవు?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. చెప్పాల్సిన చోటు అదే. లైసెన్సున్న రఘుపతితో పెట్టిస్తానన్నాను. మంచిదన్నాడు. చాయ్ తాగి వచ్చేశాను. నా అంత పిరికివాడు ఈ జిల్లాలో ఉండడు.

భూతద్దం పెట్టుకుని తొమ్మిది రోజులు గీశాడట. నక్షా మొదటిసారికే పాసయింది. కచ్చేరిలో అందరూ రఘుపతిని మెచ్చుకున్నారు.

మరుసటి వానాకాలం పీర్ సాబ్ పోయాడు. నలభై రోజుల ఫాతెహా అయిన మర్నాడు నేను కచ్చేరికి పోయాను. అప్పటి ఓవర్సీరు లేడు. కొత్త గుమాస్తా కూర్చోబెట్టి విన్నాడు. గుంత నేనే తవ్వించానని, నేనే అబద్ధమాడానని చెప్పాను. అతను పాత ఫైలు వెతికి తీసి, దుమ్ము దులిపి, చాలాసేపు చదివాడు. చనిపోయిన మనిషికి లైసెన్సు తిరిగి ఇచ్చే కాయిదా లేదన్నాడు. పోనీ నాకైనా ఏదో ఒక శిక్ష రాయమన్నాను.

అతను ఫైలు నా వైపు తిప్పి చూపించాడు.

"మీ జరిమానా మీరు అప్పుడే కట్టిన్రు గద" అన్నాడు.