సంపులో తేరిన నీళ్లు

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో మేం కిరాయికి ఉన్న ఇంట్లో కిందివాళ్లకూ పైవాళ్లకూ పడేది కాదు. పైన ఇంటి ఓనరు కుటుంబం, కింద మేము. ఓనరుకు త్రిపురారం దగ్గర కాలువ కింద పొలాలుండేవి. గొర్లు కాసే ఇంటివాళ్లకు ఇల్లిచ్చి తప్పు చేశానని వాకిట్లో నిలబడి మాకు వినబడేలాగే అనేవాడు. మా వైపు నుంచి జవాబు చెప్పేది మా పెద్దమ్మ. పెనిమిటి పోయాక మాతోనే ఉండేది. ఆమె నోటికి మా నాన్న కూడా భయపడేవాడు. ఆమె నవ్వగా చూసిన గుర్తు నాకు లేదు.

పై ట్యాంకు పొంగి మా గోడ వెంట నీళ్లు కారితే పెద్దమ్మ రెండు తిట్లు తిట్టి, పాత చీరతో తుడిచేసి ఊరుకునేది. అవే నీళ్లు మూలన నిలిచి వాసన పట్టినా, పైవాళ్లు బట్టలుతికిన నీళ్లు మా గడప దాటినా మాత్రం నేలంతా సబ్బుతో రుద్ది కడిగేది. ఆ తడిలో మమ్మల్ని కూర్చోనిచ్చేది కాదు. అదంతా ఆమె కోపంలో హెచ్చుతగ్గులే అనుకునేదాన్ని.

ఒక వానాకాలం వీధిలోని మురుగు మోరీ పొంగి ఇంట్లోకి వచ్చింది. చీలమండ లోతు నల్లటి నీళ్లు. నేనూ తమ్ముడూ అందులో చెప్పులను పడవలు చేసి వదులుతుంటే, పెద్దమ్మ మా ఇద్దరినీ రెక్క పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చి వీపు మీద చరిచింది. నీళ్లు తీశాక ఆమె చేసిందంతా పిచ్చిలాగే కనిపించింది. దూది పరుపు, బొంతలు బయట పారేసింది. బియ్యం బస్తా అడుగున మాత్రమే తడిసింది. పైవి పొడిగానే ఉన్నాయని అమ్మ ఏడుస్తున్నా వినకుండా మొత్తం పారబోసింది. స్టీలు గిన్నెలను మాత్రం మరిగే నీళ్లలో వేసి ఉంచుకుంది. "పీల్చుకున్నది కడిగితే పోదు" అని ఒక్క మాట అంది.

అసలు గొడవ సంపు దగ్గర వచ్చింది. వాకిట్లో నేలలోకి కట్టిన ఆ తొట్టి నుంచే పైకీ కిందికీ తాగేనీళ్లు. మోరీ నీళ్లు దాని మూత మీదుగా పారాయి. మర్నాటికి లోపలి నీళ్లు తేరి, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఓనరు మోటరు వేయబోతే పెద్దమ్మ స్విచ్చికి అడ్డంగా నిలబడింది.

"సంపు ఖాళీ చేసి కడిగియ్యి పటేలా. మోరీ కలిసింది."

"కండ్లు కనవడ్తలేవా? అద్దం లెక్కున్నయి నీళ్లు. నల్లా మల్ల ఎప్పుడొస్తదో ఏమో. జరుగు."

గేటు దగ్గర జనం పోగయ్యారు. పెద్దమ్మ ఒక చెంబు తెచ్చి సంపులో ముంచి, అతని ముందుకు చాచింది.

"గంత మంచియైతే తాగు. నువ్వు తాగినంక నేనే మోటరేస్త."

అతని మొహం ఎర్రబడింది. కిరాయికున్న ఆడమనిషి ముందు, అంతమంది చూస్తుండగా వెనక్కి తగ్గే మనిషి కాదు. చెంబు లాక్కుని పైకెత్తాడు. అంచు పెదవులకు తగిలిందో లేదో, పెద్దమ్మ చెయ్యి విసిరి కొట్టింది. చెంబు ఎగిరి గోడకు తగిలింది. నీళ్లన్నీ అతని చొక్కా మీద.

"తాగుతవా! నీ పంతం పాడుగాను! వాడపల్లి కాడ మా ఊర్లెకు మూసీ వచ్చినప్పుడు గిట్లనే తేరిన నీళ్లు తాగి నా కొడుకు సచ్చిండు. అవి గూడ అద్దం లెక్కనే ఉండె!"

ఆమెకొక కొడుకుండేవాడని నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

ఓనరు తడిచొక్కాతోనే మెట్లెక్కి వెళ్లిపోయాడు. పొద్దుగూకేలోపు మనుషులను పెట్టి సంపు తోడించి, బ్లీచింగ్ పౌడరుతో కడిగించాడు. ఆ వారం మా వీధిలో చాలామంది వాంతులు, విరేచనాలతో దవాఖానలో పడ్డారు. మా ఇంట్లో పైనా కిందా ఎవరికీ ఏమీ కాలేదు. ఓనరు ఆ మాట ఎత్తనే లేదు. నెల తిరగగానే ఇల్లు ఖాళీ చేయమన్నాడు. సామాన్లు ఆటోలోకి ఎక్కిస్తూ పెద్దమ్మ కూడా అతణ్ణి తిడుతూనే ఉంది.

ఇప్పుడు నా ఇంట్లో ఎక్కడ తడి కనిపించినా గుడ్డ కోసం వెతకను. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎంతసేపటి నుంచి నిలిచాయి, దేనిలోకి ఇంకాయి అని ముందు చూస్తాను. అది పెద్దమ్మ నుంచి వచ్చిన అలవాటు. ఆమె దగ్గర చూసింది ఇంకొకటి ఉంది. అది అంత తేలిగ్గా అలవాటయ్యేది కాదు, ఇప్పటికీ నేర్చుకుంటూనే ఉన్నాను. ఆమెకు ఆ మనిషంటే చివరిదాకా గిట్టలేదు. గిట్టకపోయినా, ఆ నీళ్లు అతని గొంతు దిగనివ్వలేదు.