అంటు కింద చిగురు

"కొండ పచ్చబడిందేటే?" అని అడిగాడు మా ఆయన.

ఆయనకు ఎడమ చెవి వినపడదు. మంచం చుట్టూ తిరిగి వెళ్లి, కుడి చెవి దగ్గర వంగి చెప్పాను. "రేపు ఎల్లి సూసొచ్చి సెప్తాను. ముందీ పాలు తాగు."

"బేగి రా."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. తెల్లారేసరికి పాలు గ్లాసులో మీగడ కట్టి ఉన్నాయి, ఆయన లేడు.

కొండ కాలింది ఆ ఎండాకాలంలోనే. మా జీడితోట రెండు కొండల అవతల. మొదటి కాపు, జీడిపిక్కలు రాలుతున్న రోజులు. అందరూ దిగి వచ్చేసినా ఆయన పచ్చికొమ్మ పట్టుకుని మంటను కొడుతూనే ఉన్నాడు. రమ్మని అరిచి అరిచి నా గొంతు పోయింది. ఈనాటికీ బొంగురే. ఆయనైతే వచ్చాడు, పొగ కూడా ఆయనతో ఇంటికొచ్చింది. దగ్గుతూ మంచం పట్టాడు, మళ్లీ కొండెక్కలేదు. ఆయన్ని వదిలి నేనూ ఎక్కలేదు.

దినాలయ్యాక, వానలు తగ్గాక, మా చెల్లెల్ని తోడు తీసుకుని బయల్దేరాను. నర్సీపట్నంలో పొద్దున్నే ఆటో ఎక్కితే కొండ మొదట్లో దింపాడు. కింద నుంచి చూస్తే అంతా పచ్చగానే ఉంది.

"పచ్చబడిందప్పా. సూసేసావు కదా, అదే ఆటోకి ఎల్లిపోదాం," అంది చెల్లెలు.

"ఆయన కూడా కిందనించి సూడమన్నాడేటి? నడు."

ఎక్కాక తెలిసింది. ఆ పచ్చదనం అంతా ముళ్లకంప. కాలిన మానుల మీదికి పాకి, మసి కనపడకుండా కప్పేసింది. చేత్తో తొలగిస్తే లోపల బొగ్గు. చీర చెంగు నల్లబడింది. గెడ్డలో నీళ్లు తేటగానే పారుతున్నాయి గానీ అడుగున రాళ్ల సందుల్లో బూడిద ఇంకా పేరుకునే ఉంది. చెల్లెలి రబ్బరు చెప్పు తెగితే కంపతీగతో కట్టుకుంది.

"నీ మొగుడు బతికున్నప్పుడు ఒక్కనాడు పిక్కల కూర పెట్టలేదు. పోయాక మాత్రం నన్ను కొండెక్కించాడు," అని గొణిగింది. నవ్వొచ్చింది నాకు. ఆయన పోయాక అదే మొదటిసారి.

మధ్యాహ్నం ఒక ఇప్పచెట్టు దగ్గర మూట విప్పాం. చెట్టు ఒక పక్క కాలి బోసిగా ఉంది, రెండో పక్క ఆకులేసింది. ఆ సగం నీడలో ఇద్దరం ఇరుక్కుని తిన్నాం. ఇంతకుముందు అక్కడ అన్నం తింటే పిట్టలు మెతుకులకు చేరేవి. ఆ రోజు రాల్చిన మెతుకులు రాల్చినట్టే ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా తోట చేరాం. మానులు నల్లగా నిలబడి ఉన్నాయి. మొదళ్ల దగ్గర మాత్రం ఎర్రటి లేత చిగుళ్లు గుత్తులు గుత్తులుగా లేచాయి.

"సిగురెట్టిందప్పా," అని చెల్లెలు నా భుజం పట్టుకుంది. "బావ తోట బతికింది."

నేను కూర్చుని మసి తుడిచి, మాను మీద వేలు పెట్టి తడిమాను. అవి మా ఆయన తన చేత్తో అంటు కట్టిన మొక్కలు. నాటు మొక్కను కోసి, దాని మీద మంచి రకం కొమ్మ కట్టాడు. ఆ కట్టిన చోట బుడిపె ఉంటుంది. చిగురు బుడిపె పైన వస్తేనే మనది. కింద వస్తే నాటుది. అలాంటిది కనపడితే ఆయన ఊరుకునేవాడు కాదు. "అది దొంగ పిలకే, గిల్లెయ్," అనేవాడు.

వేలికి బుడిపె తగిలింది. చిగుళ్లన్నీ దాని కిందే.

అలవాటుగా చెయ్యి గిల్లడానికి వెళ్లింది. ఇంకో చెట్టు చూశాను. ఇంకోటి చూశాను. వరస చివరిదాకా అంతే. ఆయన కట్టిందంతా కాలిపోయింది. ఆయన గిల్లించినదే బతికింది. నేను ఏ ఒక్కటీ గిల్లలేదు.

"మరి బావకేటి సెప్తావు?" అని అడిగింది చెల్లెలు. "పచ్చబడింది అనెయ్, సాలు. ఆయనేటి వచ్చి సూత్తాడా?"

చేతి మసి చెంగుకి తుడుచుకుని లేచాను.

ఇంటికొచ్చి ఆయన పటం దాకా వెళ్లి, చెప్పకుండానే వెనక్కి తిరిగాను. మర్నాడూ అంతే. అందుకే చెల్లెల్ని కూర్చోబెట్టి ఇదంతా రాయించాను. చెల్లీ, కొండ పచ్చబడిందని రాశావా? అంటు పోయిందని, నాటు వేరు బతికిందని రాశావా? నేను గిల్లలేదని కూడా రాయి. ఆ మాట ఆయనకు తెలియాలి.

రాసేసావా? అయితే లెగు. ఆ పటానికి కుడిపక్క నించో. మొదట్నించీ సదువు, నానూ ఇంటాను.