సారు చూసిన పెద్ద డ్రమ్ము

మాకు ఫార్మసీ చెప్పిన సారు పోయారు. పోయిన వారం, ఆళ్లగడ్డలో, వాళ్లింట్లోనే. పొద్దున టీ తాగి, పేపరు చదువుతూ ఒరిగిపోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది.

నంద్యాల కాలేజీలో ఆయన మాకు మాత్రల తయారీ చెప్పేవారు. ల్యాబ్‌లో ఉండింది బిందె అంత మిక్సర్ ఒకటే. అందులో పొడులు కలిపించి పైన కొంచెం, అడుగున కొంచెం, మూలల్లో కొంచెం తీయించి పరీక్ష చేయించేవారు. "కలిసినట్టు కనపడితే చాలదమ్మా. యాడ తీసినా ఒకటే ఉండల్ల" అనేవారు. ఎందుకంత పట్టుదలో ఒకసారి చెప్పారు. ఆయన తమ్ముడికి ఫిట్స్. "ఒక మాత్రలో మందు తక్కువ పడిందనుకో. అది వాడికే వస్తే?"

నేను హైదరాబాద్ దగ్గర ఒక మాత్రల కంపెనీలో చేరాను. కొన్నేళ్లకు ఒక కొత్త మాత్ర పని నాకు అప్పగించారు. చిన్న డ్రమ్ములో చక్కగా కలిసిన పొడి, మనిషి కన్నా ఎత్తైన డ్రమ్ములోకి మార్చేసరికి మొండికేసింది. డ్రమ్ములో యాడ తీసి చూసినా సరిగ్గానే ఉంది. మిషన్‌లో అచ్చొత్తి మాత్రలు కొడితే మాత్రం చివర్లో వచ్చినవాటిలో మందు ఎక్కువ. ఎక్కువసేపు తిప్పాం, వేగం మార్చాం. లాభం లేదు. ఆ సరుకంతా పారేశాం.

సారుకు ఫోన్ చేశాను. అప్పటికి రిటైరయ్యారు. అంతా విని "నాకు తెలీదమ్మా" అన్నారు. మళ్లీ ఆయనే, "అంత పెద్ద డ్రమ్ము నేనెప్పుడూ చూల్లేదు. చూపిస్తావా?" అన్నారు. జీవితమంతా ఆ పాఠమే చెప్పిన మనిషి!

మేనేజర్‌ని అడిగి పిలిపించాను. గౌను, మాస్కు వేసుకుని లోపలికొచ్చింది మొదలు ప్రశ్నలే. ఎంతవరకు నింపుతారు? ఎందుకింత నిదానంగా తిరుగుతాంది? ఆపరేటరు ఓపిగ్గా చెప్పాడు. డ్రమ్ము ఆగాక, పొడి గొట్టంలోంచి కింది అంతస్తులోని మాత్రలు కొట్టే మిషన్‌లోకి దిగడం మొదలైంది. సారు గొట్టానికి చెవి ఆనించారు.

"ఇది ఎంత ఎత్తునుంచి పడతాంది?"

"ఒక అంతస్తు సార్."

"మీ చిన్న డ్రమ్ములోంచి ఎట్ల పోస్తాంటిరి?"

"స్కూపుతో తోడి..." అంటూ నేను ఆపరేటరు వైపు చూశాను. అతనూ నావైపే చూస్తున్నాడు. మేమంతా కలపడం గురించే ఆలోచించాం, పడడం గురించి కాదు. అంత ఎత్తునుంచి పడేటప్పుడు మిగతా పొడులకన్నా సన్నటి మందుపొడి గాలిలో తేలి, చివర్లో దిగుతోంది.

గొట్టం అడుగున వాల్వు పెట్టి, గొట్టం ఎప్పుడూ నిండుగా ఉండేట్టు చేశాం. పొడి పడడం మానేసి మెల్లగా జారింది. మొదటి మాత్రా చివరి మాత్రా ఒక్కటే అయ్యాయి. ఫోన్ చేసి చెబితే, "నేనేం చేసినానమ్మా, తెలీక అడిగినా" అన్నారు.

ఆయన వచ్చిన రోజు, గది బయటికొచ్చాక, బస్సుకు టైమవుతోందని గుర్తుచేశాను. డ్రమ్ములో మళ్లీ సరుకు నింపుతున్నారు. "ఇంకొకసారి తిరగనీమ్మా" అన్నారు. అద్దం అవతల డ్రమ్ము కదిలింది. సారు చేతులు వెనక్కి కట్టుకుని, అది పైకి పోతే మెడ పైకెత్తుతూ, కిందికొస్తే దించుతూ, అట్లాగే నిలబడిపోయారు.