రిమోటు బందయితే ఏం చేస్తది?

కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్తాను. నా భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. ఇంట్లో ఉండేది నేను, మా అత్తమ్మ. ఆమె బీడీలు చేస్తుంది. సాయంత్రం వసారాలో ఆమె ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే, ఎదురుగా నేను లాప్‌టాప్ తెరుచుకుని కూర్చునేదాన్ని.

ఒక ఎండాకాలం సెలవుల్లో నాకు డ్రోను పిచ్చి పట్టింది. విడిభాగాలు తెప్పించి, టంకం పెట్టి అతికించి, నాలుగు రెక్కల చిన్న డ్రోను ఒకటి తయారుచేశాను. మధ్యలో ఉన్న బోర్డుకు వైరు తగిలించి లాప్‌టాప్‌లోంచి ప్రోగ్రాం ఎక్కించవచ్చు. ఎంత ఎత్తు లేవాలో, ఎంత వంగాలో నేనే రాయవచ్చు. కొనుక్కున్న డ్రోనులో ఆ సుఖం ఉండదు. కానీ ఎగరేయడానికి రిమోటు లేదు. మా పెళ్లి వీడియో తీసిన సిరిసిల్ల ఫొటోగ్రాఫర్ దగ్గర పాతది ఒకటి ఉందని తెలిసి, బస్సెక్కి వెళ్లాను. పక్కింట్లో మగ్గాలు నడుస్తుంటే ఆయన గొంతు పెంచి చెప్పాడు:

“పాతదే గని మంచిగ పనిచేస్తది మేడం. డ్రోనుల పెట్టే రిసీవర్ సుత ఇస్తున్న. రెంటిని జత చేసుకోవాలె, గంతే.”

ఆ ‘గంతే’ దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. రిసీవర్ అంటే రిమోటు మాటను గాలిలోంచి అందుకుని బోర్డుకు చెప్పే చిన్న ముక్క. దాని మీద ఆవగింజంత బొత్తాం ఉంటుంది. అది నొక్కిపట్టి బ్యాటరీ తగిలిస్తే ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటుంది. ఆ సమయంలో రిమోటులో జత చేయమని చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పినా లైటు కొట్టుకుంటూనే ఉంది.

“గా లైటు ఎందుకు గట్ల కొట్టుకుంటాంది బిడ్డా?” అని అడిగింది అత్తమ్మ, చేతిలో బీడీ ఆపకుండానే.

“రిమోటును ఎతుకుతాంది అత్తమ్మా.”

“దొరికినంక, ఇంకెవ్వరి రిమోటన్న అచ్చి పిలిస్తే గా దిక్కు పోతదా?”

“పోదు. ఒక్కపారి జతైనంక గా రిమోటు నంబరు గుర్తు వెట్టుకుంటది. వేరేటోళ్ల మాట ఇనది.”

“ఫోన్ నంబరసొంటిదా?”

“గసొంటిదే.”

ఆమెకు జవాబు చెప్పాక నాకే అనుమానం వచ్చింది. నంబరు సరే, మరి భాష? రిమోటు మెనూలోకి వెళ్లి చూస్తే, అది మాట్లాడగలిగే పద్ధతులు వరుసగా ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ దాన్ని కొత్త పద్ధతిలో వదిలేశాడు. రిసీవర్ పాతది. పాత పద్ధతికి మార్చి మళ్లీ బొత్తాం నొక్కాను. లైటు రెండుసార్లు కొట్టుకుని నిలకడగా వెలిగింది.

“దొరికింది!” అన్నాను. అత్తమ్మ కత్తెర కింద పెట్టి, చాట పక్కకు జరిపి, లాప్‌టాప్ ముందుకు వచ్చి కూర్చుంది.

తెర మీద నాలుగు పట్టీలు ఉన్నాయి. రిమోటు పుల్లను కదిలిస్తే పట్టీ కదలాలి. పైకి లేపే పుల్లను తోశాను. పక్కకు వంగే పట్టీ కదిలింది.

“నువ్వు పైకంటే గది పక్కకంటాంది గదా!” అని నవ్వింది.

రిమోటు ఒక వరుసలో చెప్తుంటే బోర్డు వేరే వరుసలో వింటోందన్నమాట. బోర్డులో ఆ వరుస సరిచేశాను. పట్టీలు దారికొచ్చాయి. రెక్కలు ఊడదీసి, మోటార్లను మాత్రం తిప్పి చూశాను. తేనెటీగల్లా రొద చేశాయి. అప్పుడు అడిగింది అత్తమ్మ:

“గీ రిమోటు బందయితే గది ఏం చేస్తది?”

“ఆగిపోతది.”

“చూసినవా?”

చూడలేదు. చూద్దామని, మోటార్లు తిరుగుతుండగానే రిమోటు ఆపేశాను. మోటార్లు ఆగలేదు. అదే జోరులో తిరుగుతూనే ఉన్నాయి. గబుక్కున బ్యాటరీ వైరు పీకేశాను. అది బయట ఆకాశంలో ఉండి ఉంటే ఎవరి నెత్తిన పడేదో!

రాత్రంతా అదే ఆలోచన. రిమోటు మాట ఆగినా, పాత రిసీవర్ ఆఖరున విన్న మాటనే మళ్లీ మళ్లీ చెప్తూ ఉంటుందని వెతికి చదివి తెలుసుకున్నాను. మాట తెగిపోతే మోటార్లు ఆపమని దానికి మనమే నేర్పాలి. మర్నాడు నేర్పాను. రిమోటు ఆపాను. మోటార్లు ఆగాయి.

“మళ్లొకపారి ఆపు,” అంది అత్తమ్మ. మళ్లీ ఆగాయి. ఆమె తృప్తిగా తల ఊపింది.

ఆదివారం పొద్దున జగిత్యాల దారిలో, కోతలయిపోయిన ఒక మడిలోకి వెళ్లాం. డ్రోను లేచింది, నా గుండె కూడా లేచింది. అంతలో గాలికి దాని ముక్కు మా వైపు తిరిగింది. నేను కుడికంటే అది ఎడమకు పోయింది. కంగారులో రిమోటు మీద మోటార్లు ఆపే స్విచ్ వేసేశాను. వరి కొయ్యల్లో పడి ఒక రెక్క విరిగింది. విరిగిన రెక్క తీసి కొత్తది పెడుతుంటే అత్తమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, “తోక దిక్కు ఓ ఎర్ర గుడ్డపేలిక కట్టరాదు, ముఖమేదో ఎర్కైతది,” అంది. గుడ్డ రెక్కల్లో చిక్కుతుందని, వెనక ఎర్ర టేపు చుట్టాను. రెండోసారి అది ఆమె తలెత్తున నిలబడింది. గాలికి కొంగు ఎగురుతుంటే ఆమె కదలకుండా దాన్నే చూస్తూ ఉండిపోయింది.

దింపాక అంది, “ఎంత దూరం దాన్క మన మాట ఇంటదంటవ్?”

నాకూ తెలియదు. చూద్దామని, రెక్కలు తీసేసి డ్రోనును ఆమె చేతుల్లో పెట్టాను. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని గట్టు వెంట నడవసాగింది. నేను రిమోటు తెర మీద సిగ్నల్ గీతలు చూస్తూ నిలబడ్డాను. మక్క చేను దాటింది, బావి మోటరు గుడిసె దాటింది. గీతలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి కానీ తెగలేదు. ఆమె చీర రంగు మాత్రమే కనిపిస్తున్నప్పుడు నా ఫోను మోగింది.

“ఇంక పోవాల్నా?”

“అలిసిపోతవేమో అత్తమ్మా.”

“నాకేమైంది? ఇనవడుతాందా లేదా గది చెప్పు.”

ఇంకా వినబడుతోందని చెప్పాను. ఆమె ఫోను పెట్టేసి ముందుకు నడిచింది.