వీడియోలో వంగిన నడుము

ఆ వీడియో ఇప్పటికీ మా ఆఫీసు గ్రూపులో ఉంది. పెట్టింది మా మేనేజర్. అందులో నేను చున్నీని నడుముకు బిగించి కట్టుకుని ముందుకు వంగుతాను. రెండు చేతుల వేళ్ళూ కార్పెట్‌ని తాకుతాయి. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడతారు. నేను తలెత్తి చిన్నపిల్లలా నవ్వుతాను. అక్కడితో అయిపోతుంది. నా జన్మలో నేను అంత హాయిగా నవ్విన వీడియో ఇంకోటి లేదు. అది కంటపడినప్పుడల్లా ఫోను గోడకేసి కొట్టాలనిపిస్తుంది.

ముందు నా నడుము సంగతి చెప్పాలి. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని. ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని నా నడుము చెక్కలా బిగుసుకుపోయింది. నొప్పి ఒక ఎత్తయితే, వంగలేకపోవడం మరో ఎత్తు. నొప్పికి మాత్ర వేసుకోవచ్చు, కింద పడిన చెంచా తీసిపెట్టే మాత్ర లేదు కదా. అందుకని రొట్టెలు కాల్చే పట్టకారు ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టుకున్నాను. జడ క్లిప్పు పడినా, మందుల అట్ట పడినా దానితోనే తీసుకుంటాను. మా ఆయన దాన్ని నా మూడో చెయ్యి అంటారు. ఆఫీసుకు పట్టకారు తీసుకెళ్ళలేను కాబట్టి, అక్కడ పెన్ను పడితే కాలితో లోపలికి తోసేసి ఇంకోటి తీసుకుంటాను. నా డెస్కు కింద ఓ స్టేషనరీ దుకాణం తెరవొచ్చు.

కుర్చీ కంటే పెద్ద శత్రువు కారు. మేముండేది తెల్లాపూర్‌లో. కంపెనీ క్యాబ్ నన్ను ఎక్కించుకున్నాక దారిలో మిగతావాళ్ళ కోసం సందు సందూ తిరిగి, కొత్తగూడ దగ్గరికొచ్చి ఇరుక్కుంటుంది. మీద ఫ్లైఓవర్ ఉంటుంది, మేము దాని కింద ఉంటాం. వెనక సీట్లో ఇద్దరి మధ్య కాళ్ళు ముడుచుకుని కూర్చున్న నా నడుములో ఒక్కో పూసా బిగుసుకుంటూ ఉంటే నాకు తెలుస్తూనే ఉంటుంది. ఇంటినుంచి పని చేసిన రోజుల్లో ఈ బాధ లేదు. మీటింగుకీ మీటింగుకీ మధ్య లేచి నడిచేదాన్ని, కాసేపు నేలమీద పడుకునేదాన్ని. ఆ తర్వాత అందరూ ఆఫీసుకు రావలసిందే అన్నారు. మా డాక్టరుగారు, ఈవిడ ఎక్కువసేపు కారులో కూర్చోకూడదు, వారంలో సగం రోజులైనా ఇంటినుంచి పని చెయ్యనివ్వండి అని రాసిచ్చారు. ఆ కాగితం జతచేసి అర్జీ పెట్టుకున్నాను. పరిశీలిస్తాం అన్నారు. నాకు కావలసింది ఆ సగం రోజులే. ప్రమోషన్ అడగలేదు, బోనస్ అడగలేదు.

వాళ్ళు పరిశీలిస్తూ ఉండగా ఆఫీసులో ఆరోగ్య శిబిరం వచ్చిపడింది. క్యాంటీన్‌లో ఒక మూల రంగు బెలూన్లు కట్టారు, మాన్యువల్ థెరపీ, అంటే చేత్తో నొక్కి చేసే వైద్యం, అని బోర్డు పెట్టారు, బోర్డు పక్కన మసాజ్ బల్ల వేశారు. నా కుర్చీ వీపు పట్టు ఊడిపోయి వెనక్కి వాలిపోతోంది, మార్చండి బాబూ అని ఎంత మొత్తుకున్నా పలికిన నాథుడు లేడు. బెలూన్లు ఊదడానికి మాత్రం ఒక కమిటీ ఉంది.

ప్రతి టీమూ నడుంనొప్పి ఉన్న మనిషినొకరిని పంపాలట. మా మేనేజర్ నాకంటే చాలా చిన్నవాడు. మీటింగులో నన్ను మేడం అంటాడు, పని పడితే అక్కా అంటాడు.

"అక్కా, మన టీమ్ తరఫున మీరే. ప్లీజ్ అక్కా, మీకూ రిలీఫ్ ఉంటుంది" అన్నాడు.

వెళ్ళాను. నడుము బాగుపడుతుందంటే బెలూన్ల మధ్యనుంచే కాదు, ముళ్ళకంప మధ్యనుంచైనా వెళ్ళేదాన్ని.

ఫిజియోగా వచ్చిన అమ్మాయి నన్ను ముందు నిలబెట్టి వంగమంది. నా చేతులు మోకాళ్ళ దగ్గర ఆగిపోయాయి. తర్వాత బోర్లా పడుకోబెట్టింది. అరచేత్తో వెన్నుకు అటూ ఇటూ మెల్లగా నొక్కుతూ కిందికి వచ్చింది. తుంటి దగ్గర బొటనవేళ్ళు పెట్టి బరువు వేసింది. నేను భయంతో బల్ల అంచులు పట్టుకున్నాను.

"జర ఊపిరి వదలుర్రి మేడం. ఫికర్ చెయ్యకుర్రి, నేనేం ఇరగ్గొట్ట" అంది నవ్వుతూ.

వదిలాను. నడుము లోపల ఎక్కడో ఏళ్ళనాటి పట్టు కొంచెం సడలింది. కాళ్ళు ఒక్కొక్కటే పైకెత్తి తొడ వెనక కండరాలు సాగదీసి, "ఇగ లేచి వంగుర్రి" అంది. లేచి వంగాను. మోకాళ్ళు దాటాయి వేళ్ళు. పిక్కలు దాటాయి. కార్పెట్ గరుగ్గా తగిలింది. నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చినంత పనైంది. నేల నాకు మళ్ళీ అందింది. ఆ నవ్వే వీడియోలో ఉన్నది.

చప్పట్లు ఆగాక ఆ అమ్మాయి అందరి ముందూ ఇంకో మాట చెప్పింది.

"గిది ఇప్పటి మట్టుకే మేడం. గట్టిపడ్డ కండరం జర వదులైంది, అంతే. మీరు మళ్ళ గట్లనే కూసుంటే సాయంత్రానికి పట్టేస్తది. మధ్యమధ్యల లేచి తిరగాలె, ఇంట్ల వ్యాయామం చెయ్యాలె. కార్ల ఎక్కువసేపు కూసోవద్దు."

ఆ మాట వీడియోలో లేదు. చప్పట్లతో పాటే మా మేనేజర్ ఫోనూ కిందికి దిగిపోయింది.

ఆ అమ్మాయి చెప్పినట్టే అయింది. సాయంత్రం కొత్తగూడ దాటేలోపు నడుము మళ్ళీ చెక్కైంది. ఇంటి తలుపు దగ్గర తాళంచెవి జారి పడితే మా ఆయన్ని పిలిచి పట్టకారు తెప్పించుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు హెచ్చార్ నుంచి పిలుపొచ్చింది. అర్జీ గురించేనని సంబరంగా వెళ్ళాను. హెచ్చార్ అమ్మాయి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, నా వీడియో నాకే వేసి చూపించింది.

"సూపర్ మేడం! నేనైతే అంత వంగలేను తెలుసా? మీకు బాగా ఇంప్రూవ్ అయింది. ఇంటినుంచి పని అనేది నిజంగా ప్రాబ్లం ఉన్నవాళ్ళకి కదా."

"డాక్టరుగారి కాగితం ఇచ్చానమ్మా" అన్నాను.

"అది క్యాంప్ కంటే ముందుది మేడం. ఇది లేటెస్ట్."

ఒళ్ళు మండిపోయింది. నేను టెస్టింగ్ మనిషిని. ఏదైనా ఒక్కసారి పని చేసిందని పాస్ చేసి పంపిస్తే, ఇదే ఆఫీసు నన్ను ఉతికి ఆరేస్తుంది. మళ్ళీ చూశావా, లోడు పెట్టి చూశావా, పొద్దున చూశావా, సాయంత్రం చూశావా అని నిలదీస్తుంది. నా నడుము మాత్రం బెలూన్ల మధ్య ఒక్కసారి వంగితే చాలు, పాసైపోయింది. పాత రిపోర్టు మీద కొత్త రిపోర్టు పడినట్టు డాక్టరు మాట మీద నా నవ్వు పడింది. నాకు ఎక్కువ మండింది అక్కడే. ఎన్నాళ్ళకో దొరికిన ఆ కాస్త సంతోషాన్ని తీసుకెళ్ళి నా మీదే సాక్ష్యంగా నిలబెట్టారు. ఏడ్చి ఉంటే అర్జీ గట్టెక్కేదేమో.

మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఆ ఫిజియో అమ్మాయి చివర ఏం చెప్పిందో హెచ్చార్‌కి ఒక్క ముక్క చెప్పమన్నాను.

"నేను వినలేదక్కా, అప్పటికే కాల్‌లో జాయిన్ అయ్యా. కానీ మీ వీడియోకి ఎన్ని లైకులొచ్చాయో చూశారా?"

వాడు మంచివాడే. నా కోపం కూడా వాడికి లైకులాగే కనిపిస్తుంది, అంతే.

మర్నాడు పొద్దున క్యాబ్ దిగి, నా సీటుకి పోకుండా తిన్నగా హెచ్చార్ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. నడుము అప్పటికి రాయిలా ఉంది. చున్నీ నడుముకు కట్టుకున్నాను.

"ఇప్పుడు వంగుతాను, వీడియో తియ్యమ్మా" అన్నాను.

వంగాను. చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగాయి. చుట్టుపక్కల సీట్లవాళ్ళు తలలెత్తారు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"తియ్యమ్మా, ఇది లేటెస్ట్" అన్నాను అలాగే వంగి.

"మేడం, ప్లీజ్. ఆఫీస్ లోపల వీడియోలు తియ్యకూడదు. సెక్యూరిటీ పాలసీ."

"మరి మొన్న తీసింది?"

"అది ఈవెంట్ మేడం."

వచ్చే రివ్యూలో చూద్దాం మేడం అని చెప్పి, మంచినీళ్ళు తెప్పించి పంపించింది.

లోపల తియ్యకూడదు సరే. మా గేటు పక్కన మాత్రం గోడకి కంపెనీ కెమెరా ఉంది, వచ్చేపోయే ప్రతి మనిషినీ తీస్తుంది. అది చూసి నేనొక పని పెట్టుకున్నాను. రోజూ పొద్దున క్యాబ్ దిగగానే ఆ కెమెరా కింద నిలబడి, భుజాన బ్యాగుతోనే, ఆఫీసు వైపు తిరిగి ఎంత వంగగలనో అంత వంగుతాను. రివ్యూ రానీ, అవన్నీ బయటికి తియ్యమంటాను. ఇస్తారో ఇవ్వరో తర్వాతి మాట. చూపించనేలేదు అనడానికి మాత్రం వీల్లేకుండా చేస్తున్నాను.

మొన్న అలాగే వంగి ఉన్నాను. ఆ రోజు దారంతా గుంతలే, నడుములో మంట లేస్తోంది. గేటు దగ్గరుండే సెక్యూరిటీ పెద్దాయన లేచి దగ్గరికి వచ్చాడు. ఆయన చెప్పుల జత మాత్రమే నాకు కనిపిస్తోంది.

"రోజు చూస్తున్న మేడం, లోపలికి పోయే ముందు ఆఫీసుకు దండం పెడ్తున్నరు. మా దిక్కు దుకాణపోళ్ళు గిట్లనే గడపకు మొక్కుతరు. ఇంత పెద్ద నౌకరీల గూడ గంత భక్తి ఉన్నోళ్ళను నేనెక్కడ చూడలే."

మొక్కడమా! వీళ్ళకా! నోటిదాకా వచ్చిన మాట ఆయన మొహం చూసి చెప్పాలనుకున్నాను. కానీ ముందు నడుము పైకి లేవాలి కదా.