కుంటి కుర్చీలో వామనుడు

వారపత్రికలో కథలు చూసే పురాణం బాబాయికి ఒకటే జబ్బు. ఏ కథ చేతికిచ్చినా అందులోంచి ఒక దేవుణ్ణో రాక్షసుణ్ణో బయటికి లాగితే గానీ ఆయనకు ముద్ద దిగదు. లాగి ఊరుకోడు, కథ కింద బాక్సు కట్టించి 'ప్రతీకల వివరణ' అని అచ్చు వేయిస్తాడు.

లిఫ్టు మధ్యలో ఆగిపోయిందని ఎవరో పాపం సరదా కథ రాస్తే అది త్రిశంకు స్వర్గమైపోయింది. ఇంకొకాయన కథలో పంపు కారింది. గంగావతరణం అన్నాడు బాబాయి. ఆ రచయిత ఆఫీసుకొచ్చి మొత్తుకున్నాడు.

"అయ్యా, మా ఇంట్లో పంపు నిజంగానే కారుతోందండీ. నేనింకేమీ అనుకోలేదు."

"నువ్వనుకోకపోతే ఏం నాయనా, కథ అనుకుంది," అన్నాడు బాబాయి. అని, తనకు తెలిసిన ప్లంబరు నంబరు రాసిచ్చి పంపాడు.

ఈ వివరణలన్నీ కంప్యూటర్లో కొట్టేది టైపిస్టు. బాబాయి పక్కన కూర్చుని చెబుతూంటే ఆమె కొడుతుంది. మొగుడు పోయాక ఆమె నవ్విందంటే ఆ కాసేపే. మిగతా బతుకులో నవ్వడానికేమీ లేదు. ఆసుపత్రిలో నెలల తరబడి మంచం పక్కనే కూర్చుంది. చివరి రోజు మధ్యాహ్నం అతనే "కాసేపు పడుకోవే" అన్నాడు. కుర్చీలోనే కునుకు తీసింది. లేచేసరికి నర్సు అతని మొహం మీదికి దుప్పటి లాగుతోంది.

"సావిత్రి యముడి వెంటపడి మొగుణ్ణి తెచ్చుకుంది. నువ్వు గురక పెట్టావు," అంది అత్తగారు. ఒకసారితో ఆగలేదు, కూర తరుగుతున్నా బట్టలు మడతపెడుతున్నా అదే మాట. కొడుకు పోయిన తల్లి, ఎవర్నో ఒకర్ని అనాలి కదా. అప్పట్నుంచి కోడలికి కంటిమీద కునుకు లేదు. నడుం వాలిస్తే చాలు, ఉలిక్కిపడి లేచి కూర్చునేది.

ఎవరితోనూ చెప్పుకోలేక ఆ ఆసుపత్రి సంగతే, అత్తగారి మాట మాత్రం వదిలేసి, మారుపేరుతో కథగా రాసి, వచ్చిన కథల కట్టలో దూర్చింది. బాబాయి సరిగ్గా దాన్నే ఎంచాడు. అప్పుడు గానీ ఆమెకు తను చేసిన తెలివితక్కువ పని తట్టలేదు. ఆసుపత్రి మంచం, పోతున్న మొగుడు, పక్కన పెళ్ళాం. ఇంకేం, సావిత్రి రాక మానుతుందా? అత్తగారు ఆ పత్రిక అట్ట నుంచి అట్ట దాకా చదువుతుంది. పేరు మార్చినా కథ ఎవరిదో పోల్చుకోకపోదు. ఆవిడ నోటి మాట అచ్చులోకి కూడా ఎక్కితే ఇక ఆ ఇంట్లో ఎలా బతకడం?

బాబాయి కళ్ళజోడు తుడుచుకుని మొదలెట్టాడు. "కొట్టమ్మా. ఇందులో కుర్చీకి ఒక కాలు పొట్టి అని రాశారు. సరిగ్గా ఉన్నవి మూడు. మూడడుగుల వామనుడన్నమాట."

"అది ఉట్టి కుంటి కుర్చీ బాబాయ్. ఆసుపత్రి వాళ్ళు బాగుచేయించలేదు, అంతే," అనేసి ఆమె నాలుక కరుచుకుంది.

బాబాయి ఆమె వంక చూశాడు. నీకెలా తెలుసని అడగలేదు. "అయితే వామనుణ్ణి తీసేయ్," అన్నాడు. పిలిచిన దేవుణ్ణి ఆయన వెనక్కి పంపడం అంతవరకూ ఎవరూ ఎరగరు.

"ఇప్పుడు కొట్టు. ఈ కథ చదివి కొందరు సావిత్రిని తలుచుకుంటారు. తెలిసీ తెలియని మాట. సత్యవంతుడిది ఒక్క పూట తలనొప్పి. నెలల తరబడి రోగి పక్కలు మార్చిన ఒళ్ళునొప్పులు సావిత్రికేం తెలుసు?"

ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఆగకమ్మా. ఈమె ఊర్మిళ. అడవిలో మేలుకుని ఉండాల్సిన లక్ష్మణుడి నిద్ర కూడా ఆవిడే పోయింది. ఆ నిద్ర తప్పని ఏ పురాణమూ అనలేదు. ఇక్కడా మొగుడే పడుకోమన్నాడు. నొప్పితో తనకు పట్టని నిద్ర ఈమెకిచ్చి వెళ్ళాడు. ఇందులో తప్పు ఎవరిదీ లేదు. ఆ చివరి మాట లావు అక్షరాల్లో పెట్టు."

ఆమె కళ్ళు తుడుచుకుని, పెట్టింది.

పత్రిక వచ్చిన రోజు అత్తగారు కథ చదివింది. కింద బాక్సు చదివింది. మళ్ళీ కథ చదివింది. కోడలు గిన్నెలు కడుగుతూంటే వంటగదిలోకొచ్చి పక్కన నిలబడింది.

"వాడే పడుకోమన్నాడా?"

"అవునత్తయ్యా."

"నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు."

అత్తగారు ఒక తడిగిన్నె అందుకుని, అది ఆరిపోయాక కూడా తుడుస్తూనే ఉండిపోయింది.

"ఆ ఊర్మిళ ఎన్నేళ్ళు పడుకుందిట?"

"పద్నాలుగట."

"అన్నేళ్ళంటే ఇంట్లో పనెవరు చేస్తారే," అంది అత్తగారు. "రేపు ఎలాగూ సెలవు. పొద్దెక్కేదాకా పడుకో. నేను లేపను."